నేను తీసేసిన ఊపిరి

కదిరి, ముదిగుబ్బ, పుట్టపర్తి వైపు ర్యాప్ పాడే మీరంతా ఒక పాట విని పెరిగినవాళ్ళే. రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్ల పాట అది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు దుమ్ము మింగి, తరువాత ఆటో నడుపుకున్న ఒక కుర్రాడు పాడాడు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అతను ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు వినబడదు. అందుకే మీరంతా అతన్ని గుక్క తిప్పుకోకుండా పాడినోడు అంటారు. అతను పోయి ఎనిమిదేళ్ళు దాటినా ఈ పేరు చెప్పుకునే మీరు కొత్త ట్రాకులు రిలీజ్ చేస్తున్నారు. ఎవరికెంత గుక్క ఉందో తేల్చుకోవడానికి పందేలు వేసుకుంటున్నారు.

ఆ పేరు అతనికి తెచ్చిపెట్టింది నేను. ఎలాగన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగవద్దు. అతని పేరు మీకు తెలుసు, మిగతా పేర్లతో మీకు పని లేదు.

నేను ముప్పై మూడేళ్ళు ఒక రేడియో కేంద్రంలో పనిచేశాను. ముందు టేపు, బ్లేడు, తరువాత కంప్యూటరు. ఏది వచ్చినా నా పని ఒక్కటే, కోయడం. రైతు వచ్చి వేరుశనగ తెగులు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడతాడు. అందులో దగ్గు, సకిలింపు, 'అదేందంటే' అని ఆగిపోవడాలు, ఊపిరి చప్పుళ్ళు తీసేస్తే ఎనిమిది నిమిషాలు మిగులుతుంది. ప్రసారమయ్యాక ఆ రైతే విని, నేను ఇంత బాగా మాట్లాడినానా అని ఆశ్చర్యపోయేవాడు. నాకు అదే బిరుదు. కోత పడిన చోటు నా పనిలో ఎవరూ కనిపెట్టలేదు. ఈ మాట ఇప్పటికీ తల ఎత్తే చెబుతాను.

మా ఇంటి సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. గొప్పకు కాదు, ఆ ఇల్లు అమ్ముడుపోయి పెళ్ళిమండపమై చాలా కాలమైంది. మా తాతగారి హయాంలో ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బరువు మోసుకొచ్చినవాడు, పరుగెత్తి వచ్చినవాడు నేరుగా లోపలికి రాకూడదు. వసారా బయట నిలబడి, ఆయాసం తీరాక, ఊపిరి చప్పుడు వినబడనంత నెమ్మదించాక మెట్టెక్కాలి. ఎదుటివాడి ముందు రొప్పడం అమర్యాద. పాడేవాళ్ళను కూడా తాతగారు అదే కొలతతో కొలిచేవారట. ఊపిరి వినబడితే ఆ పాటగాడికి మళ్ళీ పిలుపు ఉండేది కాదు. నేను పుట్టేనాటికి పొలాలు పోయాయి, సేవకులు పోయారు. ఆ చెవి మాత్రం నాకు వచ్చింది.

ఉద్యోగం ముగియడానికి ఇంకా ఆరేళ్ళుండగా పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. కుర్రవాళ్ళు రేడియో వినడం మానేశారు కాబట్టి వాళ్ళు వినేదే వినిపించమని. హిప్ హాప్ అనే మాట నేను అధికారికంగా చదివింది ఆ ఉత్తరంలోనే. మా రికార్డింగ్ ఇంజనీరుకు చూపించాను. అతను ముదిగుబ్బ మనిషి, ముస్లిం, నా కంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను సార్ అనాల్సిన చోట దొరా అని ఎత్తిపొడిచేవాడు. నేను పట్టించుకోనట్టు ఉండేవాణ్ణి, అతను మానేవాడు కాదు.

"దొరా, ఇట్లా పాడేటోడు మా ఊర్లో ఒగడుండాడు. షేర్ ఆటో తోల్తాడు. కదిరి కదిరి కదిరి అని పిల్చేదే తాళంగా ఉంటాది. వాని ఆటో నిండినంక గూడా జనం దిగరు, వినాలని."

"ఆటో పిలుపును ప్రసారం చెయ్యమంటావా?"

"మీరు విని చెప్పండి. చెవులు దొరవే గదా."

మా కేంద్రం ఒక చిన్న గుట్ట మీద ఉండేది. రోడ్డు నుంచి అరవై మెట్లు. ఆ కుర్రాడు ఒక బుధవారం కింద ఆటో నిలిపి ఎక్కి వచ్చాడు. మనిషి కనబడక ముందే ఊపిరి వినబడింది. గీరుకుపోయే ఊపిరి, ఎండిన ఆకుల మీద గోనెసంచి లాగినట్టు. గడపలోకి వచ్చేసరికి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి.

"బయట బల్ల మీద కూచో. ఆయాసం తీరినాక లోపలికి రా," అన్నాను.

అతను నవ్వాడు. "ఇది తీరే ఆయాసం గాదు సార్. దీంతోనే వచ్చినా, దీంతోనే పాడతా. కూచుంటే సాయంత్రం అయితాది."

ఇంజనీరు నా వైపు చూడకుండా అతన్ని స్టూడియోలోకి తీసుకుపోయాడు.

బీట్ తెచ్చావా అని అడిగితే లేదన్నాడు. వాయిద్యం లేదు, చప్పట్లు లేవు. కళ్ళు మూసుకుని నిలబడి మొదలుపెట్టాడు.

తెల్లగ వచ్చినా ఇంటికి, పిండిమిల్లు గాదమ్మా
దులిపితే పైది పోయె, లోపల్ది పోదమ్మా
నేను నున్నగ జేసిన బండ ఎవరింట్లో మెరిసెనో
నా గొంతుల గరుకంతా ఎవరికి వినబడెనో

ఇప్పుడు మీరు విన్నట్టు కాదు, అతను పాడినట్టు ఊహించుకోండి. ప్రతి పాదానికీ ముందు ఒక పీల్పు. కొన్నిచోట్ల పొట్టిది, కొన్నిచోట్ల పొడుగు. రెండు మాటల మధ్య కూడా ఒక్కోసారి. ఆ గీరుకుపోయే చప్పుడు సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ పడేది. పాలిష్ మిషను తిరిగినట్టు. అతను ఊపిరితో తాళం వేసుకుంటున్నాడు. ఆ మాట నాకు ఆ రోజు తట్టలేదు. అద్దం ఇవతల కూర్చున్న ఇంజనీరు తల మాత్రం ఆ ఊపిరికే ఊగుతోంది. పాట మూడు నిమిషాల నలభై సెకన్లు నడిచింది. చివరి మాట అయ్యాక అతను చిన్నగా నవ్వాడు, బరువు దించినవాడిలాగా.

గొడవ తరువాత మొదలైంది. ఏ రికార్డింగుకైనా మేము ఒక పత్రం నింపాలి. అందులో రెండే గళ్ళు, సంగీతం, మాట. సంగీతమైతే నేను ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు పోతుంది. మాట అయితే కోత నా బాధ్యత. ఏది కోసినా ఏ నిమిషం, ఏ సెకను, ఎంతసేపు, ఎందుకు అన్నది రిజిస్టరులో రాయాలి.

నేను 'మాట' గడిలో టిక్కు పెట్టాను.

ఇంజనీరు పత్రం చూశాడు. "అది సంగీతం దొరా."

"శ్రుతి ఉందా? రాగం ఉందా?"

"తాళం ఉండాది."

"ఏదీ? వాయిద్యమే లేదు."

"వాని ఊపిరే వాయిద్యం. సంగీతం కింద రాయండి. లేకుంటే మీ చెయ్యి ఊరుకోదు, నాకు తెల్సు."

"నువ్వు మైకు సంగతి చూసుకో భాయ్. ఏది సంగీతమో మా ఇంట్లో మూడు తరాలు విన్నారు."

ఆ మాట అన్నాక అతను హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి టీకి పోయాడు. పక్కన నాకో గ్లాసు తెచ్చి పెట్టడం అతనికి అలవాటు. ఆ రోజు తేలేదు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. నా ఉద్యోగంలో అంత కష్టమైన కోత ఇంకోటి లేదు. ఊపిరి మాటను అంటిపెట్టుకుని ఉంటుంది, వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే అక్షరం తెగుతుంది. యాభై రెండు ఊపిరులు తీశాను. యాభై మూడో కోత చివరి నవ్వు. ప్రతి ఒక్కటీ రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాశాను. విని చూసుకుంటే మాటలు గుండ్రాళ్ళు దొర్లినట్టు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆయాసపడుతూ వచ్చిన కుర్రాణ్ణి నేను మర్యాదగా లోపల కూర్చోబెట్టాను అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ప్రసారమైంది. సోమవారం అతను మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి బల్ల మీద కూర్చోమని నేను అనలేదు, అతనే తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"సార్, నా ఊపిరి యాడ పెట్టినారు?"

కోపంగా అడగలేదు. ఆటోలో ఎవరో మరిచిపోయిన సంచి గురించి అడిగినట్టు అడిగాడు.

"శుభ్రం చేశాను. ఎలా ఉంది?"

"బాగుండాది సార్. మా అమ్మ గూడా వినింది. 'నీకు నయమయ్యిందేమిరా' అని అడిగింది. అవునన్నా." కాసేపు నేల చూశాడు. "మూడు దినాలుగా మా యమ్మ నాకు ఇష్టమైనవి వండి పెడతాండాది, నయమయ్యిందని."

నేను బల్ల మీది రిజిస్టరు సర్దాను.

"ఆ పాట అమ్మకుండనీలే సార్. నేను పాడింది నాకియ్యండి. ఫోన్లో పెట్టుకుంటా. రిలీజ్ చెయ్యల్ల. ఊపిరి లేకుంటే అది నా పాట గాదు, ఎవనిదో."

అసలు రికార్డింగు బయటివాళ్ళకు ఇవ్వాలంటే దరఖాస్తు కావాలి. ఆ మాటే చెప్పాను. తెల్లకాగితం మీద రాసుకుని వారంలో రమ్మన్నాను. అతను తల ఊపి వెళ్ళాడు.

మా కంప్యూటరులో చోటు తక్కువ. ప్రసారమైనవాటి అసలు రికార్డింగులు నెలకొకసారి చెరిపేసేవాళ్ళం. ఎవరికైనా ఏదైనా కావాలంటే ముందే పక్కన పెట్టాలి, అది నా పనే. ఆ నెల వరుస ప్రసంగాలు వచ్చి పడ్డాయి. నేనే కూర్చుని, జాబితా పైనుంచి కిందదాకా ఎంచి, ఒక్క మీట నొక్కాను. అతని మాట జ్ఞాపకం రాలేదు. మర్నాడు అతను దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి, జేబులో చెమట తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు. కవరు చూడగానే గుర్తొచ్చింది.

నేను చెయ్యాల్సింది తేలిక. పోయింది, నా తప్పు, మళ్ళీ ఒకసారి పాడు, ఈసారి ముట్టుకోను అనాలి. ఇంజనీరు పక్క గదిలోనే ఉన్నాడు, మైకు సిద్ధంగా ఉంది. ఆ ఒక్క మాటకు నా వెన్ను వంగలేదు. దరఖాస్తు మొత్తం చదివినట్టు చదివి, తిరిగి ఇచ్చాను.

"నిబంధనలు ఒప్పుకోవు."

"పోయినవారం ఒప్పుకున్నాయి గదా సార్?"

"మళ్ళీ చూశాను. ఒప్పుకోవు."

అతను నా ముఖం చూశాడు. అబద్ధమని తెలిసిందో లేదో నాకు తెలియదు. కాగితాన్ని అవే మడతల మీద మడిచి కవరులో పెట్టుకున్నాడు. "పోనీలే సార్. నిబంధనలకేం తెల్సు పాపం."

సాయంత్రం నేను దిగేసరికి ఆటోతో కిందే ఉన్నాడు. "కదిరికే గదా సార్? ఎక్కండి, ముందర సీటు ఖాళీ." మా వంశంలో షేర్ ఆటో ముందు సీటులో డ్రైవర్ పక్కన ఒదిగి కూర్చున్నవాళ్ళు లేరు. బస్సుకు వస్తానన్నాను. ఆ రోజు బస్సు వేళకు రాలేదు. నలభై నిమిషాలు ఎండలో నిటారుగా నిలబడ్డాను. అతను రెండు ట్రిప్పులు నా ముందు నుంచే వేశాడు, రెండుసార్లూ ఆటో నెమ్మది చేశాడు.

ఏడాదిన్నర తరువాత ఒక ఉదయం ఇంజనీరు స్టూడియోలోకి వచ్చి దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. "పిల్లోడు పోయినాడు దొరా. ఊపిరితిత్తులు." ఆ పాట మళ్ళీ ఎక్కడైనా పాడి రికార్డు చేశాడా అని అడిగాను. "యాడ? కడాకు రెండు మాటలు గూడా కలిపి అనలేకపోయినాడు." అప్పుడు చెప్పాను అసలుది నేనే చెరిపానని. "మీ తాన ఉండాదిలే అనుకుని నేను కాపీ చేసుకోలేదు," అన్నాడు. అప్పట్నుంచి అతను నన్ను దొరా అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టాడు. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో అతనికి తెలుసు.

ఆ తరువాతది మీకు తెలిసిందే. మా ప్రసారాన్ని ఎవరో ఫోనులో పట్టుకుని ఉన్నారు. అతను పోయాక దాన్ని నెట్లో పెట్టారు. ఇంకెవరో దాని కింద బీట్ వేశారు. గుక్క తిప్పుకోకుండా మూడు నిమిషాలు పాడాడని, ఊపిరితిత్తులు పాడైనవాడు ఇలా పాడాడంటే అది మనిషి పని కాదని మొదలైంది. కొత్త రిలీజుల్లో కుర్రాళ్ళు అతనిలా గుక్క ఆపి పాడటం, చేతకానివాళ్ళు కంప్యూటరులో ఊపిరి తీసేసి పెట్టడం. నేను చేసిన పనే, కాకపోతే నా అంత శుభ్రంగా కాదు. మొదట్లో నాకు లోలోపల గర్వంగా ఉండేదని దాచకుండా చెబుతున్నాను. ఇంతమంది విన్నారు, ఒక్కరూ కోత కనిపెట్టలేదని.

గర్వం ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఉద్యోగం ముగిసింది, కదిరిలో పై అంతస్తులో రెండు గదులు తీసుకున్నాను. మీలో ఎవరు కొత్త ట్రాకు పెట్టినా వినడం అలవాటైంది. పక్కింటివాళ్ళు ఈ వయసులో ముసలాయనకేం పిచ్చి అనుకుంటారు. నేను పాట కోసం వినడం లేదు. ఎవరైనా ఒక్కరు, పాదానికి ముందు గట్టిగా ఊపిరి పీలుస్తారేమోనని వినేవాణ్ణి. ఎవ్వరూ పీల్చేవారు కాదు. అందరూ నేను తయారుచేసిన మనిషినే గురువు అనుకుంటున్నారు. అసలు మనిషి ఊపిరిని గుర్తుంచుకున్నవాళ్ళలో, నాకు తెలిసి, మిగిలింది మేమిద్దరం ముసలివాళ్ళం, ఒక తల్లి.

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున మెట్ల మీద ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడైంది. తలుపు తీశాను. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ అమ్మాయి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుందట, ర్యాప్ పాడుతుందట. మా ఇంజనీరు ముదిగుబ్బలోనే స్థిరపడ్డాడు, అతనే పంపాడు.

"ఆ పాట సంగతి తెల్సినాయన మీరేనంట గదా సార్? భాయ్ ఏమీ చెప్పల్య. ఆయప్పనే అడుగుపో, చెప్తే ఆయనే చెప్పల్ల అన్న్యాడు."

"ముందు కూర్చో. ఆయాసం తీరనీ," అన్నాను. అని, నా మాట నాకే వినబడి ఆగిపోయాను.

ఆమె కూర్చోలేదు. ఫోను తీసి ఒక వీడియో చూపించింది. పుట్టపర్తిలో ఏదో వేదిక. ఆమె ఆ పాట పాడుతోంది, గుక్క ఆపి. రెండో చరణం దగ్గర ముఖం నల్లబడి, కళ్ళు తేలేసి, మైకు పట్టుకునే కిందికి జారిపోయింది. జనం నవ్వులు.

"ఏడువేలమంది చూసినారు సార్ ఇది. ఆడపిల్లకు అంత గుక్క యాడిది అని కింద రాసినారు. వచ్చే నెల ముదిగుబ్బలో ఆ అన్న పేరు మీద పాటలు పెట్టుకున్నాం. వాళ్ళమ్మ నన్నే పాడమనింది. దినామూ నీళ్ళ తొట్లో తల పెట్టి గుక్క బట్టేది నేర్చుకుంటాండా. ముక్కులో నెత్తురొచ్చింది మొన్న. ఈ తూరి గూడా చేతగాకుంటే ఇంగ మైకు ముట్టను సార్. ఆ అన్న ఎట్ల పాడినాడో చెప్పండి. ఏం మందు, ఏం సాధన, ఏమన్నా సరే."

ఆమె ముక్కు అంచున ఎండిన చిన్న మరక నిజంగానే ఉంది.

నేను కూడా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "ఆ అబ్బాయి ప్రతి పాదానికీ ఊపిరి పీల్చాడమ్మా. నీ కంటే ఎక్కువసార్లు. యాభై రెండుసార్లు. నేను కోసేశాను."

ఆమెకు అర్థం కాలేదు. అంతా చెప్పాను. గళ్ళు, మూడు మధ్యాహ్నాలు, దరఖాస్తు, చెరిపేయడం, నిబంధనలు అని చెప్పిన అబద్ధం. ఆటో సంగతి కూడా. ఆమె మెల్లగా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"అంటే ఇన్నాళ్ళూ మేమంతా..."

"అవును."

"ఈ మాట ఇంతమందిలో ఒక్కరికన్నా చెప్పలేకపోతిరా సార్? నోరు రాలేదా?"

"రాలేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. ఏడ్చింది, అంతలోనే నవ్వింది. "నీళ్ళ తొట్టి సార్! నీళ్ళ తొట్లో తల పెట్టినా గదా సార్ నేను!" అని నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. తరువాత అడిగింది, "యాడ యాడ పీల్చినాడో గుర్తుండాదా?"

ఊరకే కూర్చుని గుర్తు తెచ్చుకునే పని కాదది. కానీ నా దగ్గర రిజిస్టరు ఉంది. పదవీ విరమణ నాడు పాత రిజిస్టర్లు చిత్తుకాగితాలకు పోతుంటే, నా చేతిరాత మీది అభిమానంతో ఆఖరివి నాలుగు ఇంటికి తెచ్చుకున్నాను. పెట్టెలోంచి తీశాను. ఆ పేజీ దొరికింది. మొదటి వరుస, సున్నా నిమిషం సున్నా రెండు సెకన్లు, ఊపిరి. సున్నా నిమిషం ఏడు సెకన్లు, ఊపిరి. కింది దాకా అదే మాట. ఊపిరి, ఊపిరి, ఊపిరి. ప్రతిదాని పక్కనా అది ఎంత పొడుగో కూడా ఉంది.

ఆమె వేలితో వరుసల వెంట దిగుతూ పెదవులు కదుపుతోంది. సగం పేజీ దగ్గర ఆగింది. "ఈడ రెండో తూరి 'పోదమ్మా' తర్వాత ఇంత పొడుగు పీల్చినాడా?"

"అక్కడ రెండు సెకన్లు. పొరపాటున ఆగాడనుకున్నాను."

"పొరపాటు గాదు సార్. ఈడ మిషను ఆపినారు." చేత్తో నేల మీద తట్టి చూపించింది. "ఇట్ల తిరిగి తిరిగి, ఈడ ఆగుతాది. వినబడతాండాదా?"

వినబడింది. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా నాకు తాళం వినబడింది.

ముదిగుబ్బ పాటలకు ముందు మూడు ఆదివారాలే దొరికాయి మాకు. ముదిగుబ్బ నుంచి ఇంజనీరు కూడా వచ్చేవాడు. నేను రిజిస్టరు పట్టుకుని సెకన్లు చదివేవాణ్ణి, ఆమె పీల్చేది, అతను తల ఊపేవాడు లేదా ఊపేవాడు కాదు. "ఇంగా గరుకుగా," అనేవాడు. "వాళ్ళమ్మకు తెల్సు వాని ఊపిరి, మనం మోసం చేస్తే పట్టేస్తాది." మొదటి రోజు నాకు టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "తాగండి దొరా," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి తాగాను.

చివరి వరుస దగ్గర ఆమె ఆగింది. "ఇదేంది సార్? ఊపిరి అని లేదు. 'నవ్వు' అని ఉండాది."

"పాట అయ్యాక చిన్నగా నవ్వాడు. ఒకటిన్నర సెకను."

"ఎట్లా నవ్వినాడు?"

నేను నోరు తెరిచాను. ఆ నవ్వును నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను, మొదలెక్కడో చివరెక్కడో చూసుకుని కోయడానికి. గుర్తు రాలేదు. ఇంజనీరును చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు. "నవ్వినాడు. అంతవరకే జ్ఞాపకం," అన్నాడు.

పాటల రోజు మధ్యాహ్నం ముదిగుబ్బ పాఠశాల ఆవరణలో రేకుల పందిరి వేశారు. వెళ్ళేటప్పుడు షేర్ ఆటోలో ముందు సీటులో కూర్చుని వెళ్ళాను. డ్రైవర్ మోచెయ్యి నా పక్కటెముకలకు తగులుతూనే ఉంది. ఇబ్బందిగా ఉంటుందనుకున్నాను గానీ లేదు.

ఆ తల్లి ముందు వరుసలో ఉంది. నేనెవరో ఆమెకు ముందే చెప్పి పెట్టారు. నా వైపు చూసింది, దండం పెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. అమ్మాయి బీట్ లేకుండా పాడింది. మొదటి ఊపిరి మైకులో గరగరమన్నప్పుడు వెనక కుర్రాళ్ళలో ఎవడో, "అక్కా, గుక్క అయిపోయిందా అప్పుడే!" అని అరిచాడు. నవ్వులు. ఆమె ఆగలేదు. నాలుగో పాదానికి నవ్వులు తగ్గాయి. పదో ఊపిరికి పందిరిలో కాళ్ళు ఆ ఊపిరికి తడుతున్నాయి. రెండోసారి 'పోదమ్మా' దగ్గర రెండు సెకన్ల పొడుగు ఊపిరి పీల్చినప్పుడు ఆ తల్లి పక్కకు, మనుషులు వచ్చే దోవ వైపు తల తిప్పి చూసింది.

తరువాత నా దగ్గరికి వచ్చి నిలబడింది. "రేడియోలోది విన్నప్పుడల్లా నా కొడుకే అనిపిస్తుంది స్వామీ, కానీ ఇంట్లోకి వచ్చినట్టుండదు. వాడు వచ్చేటప్పుడు వాని కంటే ముందు వాని ఊపిరొచ్చేది. ఆ చప్పుడుకే నేను పొయ్యి మీద కుండ పెడ్తాంటి." పందిరి వైపు చూసి, "ఈ పొద్దు వచ్చినాడు," అంది. క్షమించమని అడగాలని వెళ్ళాను. ఆమె ముందు ఆ మాట చిన్నదిగా అనిపించి మానేశాను. నిలబడి చేతులు జోడించాను. నడుము వంచి.

ఊపిరితో ఆమె పాడిన ఆ పాట, నేను చెప్పిన సంగతితో సహా, తరువాత నెలలో రిలీజ్ అయింది. మీలో కొందరు నమ్మలేదని తెలుసు. ముసలాయన పేరు కోసం అబద్ధం చెబుతున్నాడని కింద రాశారు. కదిరి బస్టాండులో ఒక కుర్రాడు నన్ను ఆపి, "ఏం పెద్దాయనా, మా అన్నకు గుక్క లేదంటివంట?" అని నిలదీశాడు. ఉండేది కాదు బాబూ, లేకుండానే పాడాడు, అదే సంగతి అని చెప్పాను. వింటాడో లేదో తెలియదు. రిజిస్టరు నా దగ్గరే ఉంది, ఎవరొచ్చినా చూపిస్తాను. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినా నేరుగా లోపలికి రావచ్చు.

కొత్త పాటలు ఇప్పుడూ వింటున్నాను. ఒకటి రెండింట్లో ఊపిరి వినబడటం మొదలైంది. కానీ నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది ఆ అమ్మాయి పాటే, అందులోనూ చివర. యాభై రెండు ఊపిరులూ ఆమె అతని చోట్లలోనే పీల్చింది. నవ్వు దగ్గరికి వచ్చేసరికి నాకు ఫోను చేసింది.

"నాది నేను నవ్వచ్చు సార్, కానీ అది ఆయన్ది గాదు. ఏం చెయ్యమంటారు?"

ముప్పై మూడేళ్ళు నా ఉద్యోగంలో ఖాళీ కంటే పెద్ద తప్పు లేదు. రెండు సెకన్లు ఏమీ వినబడకపోతే సంజాయిషీ రాసుకోవాల్సిందే.

"వదిలెయ్యమ్మా," అన్నాను. "ఒకటిన్నర సెకను అలాగే వదిలెయ్. ఎవరు చెప్పినా కోయనివ్వకు."

పాట అయిపోయాక ఆ ఖాళీ వస్తుంది. మీ ఫోను ఆగిపోయిందనుకోకండి. అక్కడ అతను నవ్వాడు.